షుగర్ ఉన్న ఇంట్లో సాసులు, తొక్కులు, మసాలాలు: లేబుల్ మీద ఏం చూడాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. జగిత్యాలలో ఉండే మీ బాపుకు ఈమధ్యే షుగర్ అని తేలింది. చాయ్‌లో చక్కెర, స్వీట్లు బంద్ చేశారు. ఇంట్లో ఉన్న కెచప్, సోయా సాస్, మయోనైజ్, అల్లం వెల్లుల్లి పేస్టు, కొన్న తొక్కులు, మసాలా ప్యాకెట్లలో కూడా చక్కెర కలుస్తుందని ఎవరో చెప్పారు. లేబుల్ మీద 211, 621 లాంటి నంబర్లు (విడిగా కలిపే యాడిటివ్‌లకు ఇచ్చిన కోడ్‌లు) ఉన్నవన్నీ విషమని వాట్సాప్‌లో వచ్చింది. అన్నీ పారేయాలా, లేబుల్ ఎట్లా చదవాలి అంటున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. అన్నీ పారేయనక్కర్లేదు. చక్కెర ఎక్కువగా దాక్కునేది సాసు సీసాల్లో. మన కారం తొక్కుల్లో చూసుకోవాల్సింది ఉప్పు. నంబర్లలో చాలావరకు భయపడాల్సినవి కావు, కొన్నిటితో మాత్రం కొందరికి ఇబ్బంది ఉంటుంది, అవేంటో కింద రాశాను. ఇంకో మాట కూడా ఇప్పుడే అనేస్తాను, మీకు నచ్చకపోవచ్చు: మీ బాపు షుగర్ రీడింగును కెచప్ కంటే కంచంలో అన్నమే ఎక్కువ పెంచుతుంది. వండిన అన్నం 300 గ్రాములు తింటే దాదాపు 80 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుంది. సాసులన్నీ మానేసి అన్నం అంతే పెట్టుకుంటే, చేసిన కష్టానికి ఫలితం కనబడదు.

నేను డాక్టర్‌ని కాను. ఫుడ్ టెక్నాలజీ చదివి సాసులు, పచ్చళ్ళు తయారుచేసే చోట్ల క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ చిన్న చిన్న పచ్చళ్ళ, మసాలా యూనిట్లకు లేబుళ్ళు, ఫార్ములాల పని చేసిపెడుతుంటాను. కాబట్టి మందుల గురించి మీ డాక్టర్‌నే అడగండి. సీసాలో ఏముంటుంది, ఎందుకుంటుంది అన్నది నేను చెప్పగలను.

కెచప్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అసలు కథంతా అందులోనే ఉంది. సీసా వెనక్కి తిప్పితే రెండు చోట్ల చూడాలి. ఒకటి పదార్థాల జాబితా. మన దేశంలో ఏ పదార్థం బరువు ఎక్కువగా ఉంటే దాని పేరు ముందు రాయాలి, ఆ వరసలో తగ్గుతూ పోవాలి. కెచప్‌లో టమాటా పేస్టు, నీళ్ళ పక్కనే చక్కెర కనబడుతుంది. రెండోది పోషకాల పట్టిక. మన దేశంలో ఆహార నిబంధనలు చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం అందులో మొత్తం చక్కెరలు, విడిగా కలిపిన చక్కెరలు, రెండూ 100 గ్రాములకు ఎంతో రాయాలి. మార్కెట్లో దొరికే మామూలు కెచప్‌లలో అది 20 నుంచి 30 గ్రాముల మధ్య ఉంటుంది. అంటే దగ్గరదగ్గర పావు వంతు. 100 గ్రాములకు 25 గ్రాముల చక్కెర ఉన్న కెచప్ ఒక పెద్ద చెంచా, అంటే 15 గ్రాములు వేసుకుంటే, ఒక టీ స్పూను చక్కెర తిన్నట్టే. ఒక చెంచాతో ఆపే ఇల్లు నేనింతవరకు చూడలేదు. పిల్లలు దోశలోకి, చపాతీలోకి, చివరికి ఉప్మాలోకి కూడా పోసుకుంటున్నారు.

ఎందుకంత వేస్తారు? రుచి ఒక్కటే కారణం అనుకుంటారు చాలామంది. టమాటా పులుపు, దానిమీద వెనిగర్ పులుపు, ఈ రెంటినీ మింగించాలంటే తీపి కావాలి, అది నిజమే. కానీ చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, దాంతో బూజుకు, బ్యాక్టీరియాకు కావలసిన తడి దొరకదు. సాసుకు చిక్కదనం, మెరుపు వస్తాయి. పైగా టమాటా గుజ్జు కంటే చక్కెర చౌక. నేను పనిచేసిన ఒకచోట చక్కెర తగ్గించిన సాసు తయారుచేసి చూశాం. తిన్నవాళ్ళంతా పుల్లగా ఉంది, పల్చగా ఉంది అన్నారు. పల్చదనం పోవాలంటే స్టార్చ్, గమ్ పెంచాలి. అందుకే "తక్కువ చక్కెర" అని రాసిన సీసాల్లో చిక్కదనం ఇచ్చే నంబర్లు ఎక్కువగా కనబడతాయి. అదేమీ మోసం కాదు, తీసినదాని చోటులో ఇంకోటి రావాల్సిందే.

చక్కెరకు ఉన్న మారుపేర్లు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, కార్న్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, తేనె, బెల్లం, ఖర్జూరం సిరప్, పండ్ల రసం కాన్సన్‌ట్రేట్. ఇవన్నీ షుగర్ పేషెంటుకు చక్కెర లెక్కే. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. చక్కెర ఒక్కటే వేస్తే దాని పేరు జాబితాలో పైన వస్తుంది. అదే చక్కెర కొంత, లిక్విడ్ గ్లూకోజ్ కొంత, ఇన్వర్ట్ సిరప్ కొంత వేస్తే మూడూ మూడు చోట్ల కిందికి దిగిపోతాయి. చూసేవాళ్ళకు తీపి తక్కువున్నట్టు అనిపిస్తుంది. అందుకే జాబితా ఒక్కటే చదివి ఆగకండి, పట్టికలో కలిపిన చక్కెరల లైను చూడండి. అక్కడ అన్నీ కలిసే వస్తాయి.

ఆ లైనుకు కూడా చిక్కనిది ఒకటుంది, మాల్టోడెక్స్‌ట్రిన్. ఇది పిండిని విడగొట్టి చేసిన పొడి. నాలుకకు తీపి పెద్దగా తెలియదు, పట్టికలో చాలావరకు చక్కెరల కింద కాకుండా మొత్తం కార్బోహైడ్రేట్ల కింద పోతుంది. కానీ రక్తంలోకి గ్లూకోజ్ ఎక్కినంత వేగంగా ఎక్కుతుంది. నూడుల్స్‌తో వచ్చే మసాలా పొడి, ఇన్‌స్టంట్ సూపులు, చిప్స్ మీద చల్లే మసాలా, కొన్ని రెడీమేడ్ గ్రేవీ మిక్సుల్లో ఇది మామూలే. చిటికెడు పడితే ఏమీ కాదు. జాబితాలో మొదటి మూడు పేర్లలో ఉంటే మాత్రం ఆ ప్యాకెట్ మీ బాపుకు వద్దు.

బెల్లం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవైపు దీనిమీదే గొడవ. ఒక చిన్న యూనిట్ వాళ్ళు అల్లం పచ్చడి చేసి, డబ్బా మీద పెద్ద అక్షరాలతో "చక్కెర లేదు, షుగర్ ఉన్నవారికి మంచిది" అని వేయించుకుంటామని నా దగ్గరికి వచ్చారు. ఫార్ములా చూస్తే అల్లం ఎంతో బెల్లం అంత ఉంది. అది తీసేయమన్నాను. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే చక్కెరలో ఉండేదే. కొద్దిగా ఖనిజాలు ఉంటాయి, అందుకోసం షుగర్ పేషెంటు బెల్లం తినక్కర్లేదు. కామారెడ్డి బెల్లమైనా అంతే, ఆర్గానిక్ అని రాసి మూడింతల ధరకు అమ్మేదైనా అంతే. "కెమికల్ లేని బెల్లం" అనే మాటకు వేరే అర్థం ఉంది: పసుపుపచ్చగా మెరవడానికి హైడ్రోస్ అనే, రంగు తేల్చే కెమికల్ వేయలేదని. దానికీ షుగర్‌కూ సంబంధం లేదు.

కాబట్టి మన వంటల్లో నిజంగా తీపి దాచుకునేది అల్లం పచ్చడి. టిఫిన్ సెంటర్లలో దోశతో ఇచ్చే ఎర్రటి అల్లం చట్నీ నాలుగు చెంచాలు తిన్నారంటే చాయ్‌లో మానేసిన చక్కెర అక్కడ తిరిగొచ్చినట్టే. చాట్ బండి మీద పోసే ఖర్జూరం చింతపండు చట్నీ, కొన్న తీపి నిమ్మకాయ పచ్చడి కూడా అదే దారి. పచ్చిపులుసులో ఇంట్లో వేసే చిన్న బెల్లం ముక్క గిన్నెడు పులుసుకు సరిపోతుంది, అది లెక్కలోకి రాదు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, ఉసిరికాయ తొక్కు, టమాట తొక్కు మనం కారంగా పెట్టే పద్ధతిలో అసలు తీపే వేయం. కొన్నవాటిలో ఒక్కోసారి కొద్దిగా వేస్తారు. జాబితా చూస్తే తెలుస్తుంది.

డబ్బా ముందువైపు రాతల గురించి. "షుగర్ ఫ్రీ" అని రాయాలంటే 100 గ్రాములకు అర గ్రాము కంటే ఎక్కువ చక్కెర ఉండకూడదు. "నో యాడెడ్ షుగర్" అంటే విడిగా చక్కెర గానీ, చక్కెర కలిసిన పదార్థం గానీ వేయలేదని మాత్రమే. పదార్థంలో సహజంగా ఉన్న చక్కెర అట్లాగే ఉంటుంది. "నో ప్రిజర్వేటివ్స్" అన్నది మరీ తమాషా. మన పాత నిబంధనల్లో ప్రిజర్వేటివ్‌లను, అంటే పాడవకుండా నిల్వ ఉంచేవాటిని, రెండు తరగతులు చేశారు. ఉప్పు, చక్కెర, గ్లూకోజ్, వెనిగర్, తేనె, నూనె, మసాలా దినుసులు మొదటి తరగతి. బెంజోయేట్, సార్బేట్, సల్ఫైట్ లాంటివి రెండో తరగతి. జనం భయపడేది రెండోదానికి. అది లేదని గొప్పగా రాసిన సీసాలో మొదటి తరగతిది దండిగా పోసి ఉండొచ్చు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళకు ఇబ్బంది పెట్టేది ఆ మొదటి తరగతే.

ఉప్పు గురించి. తొక్కుల్లో బరువులో పదో వంతు దాకా ఉప్పే ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఒక పెద్ద చెంచా తొక్కుతో ఒకటిన్నర గ్రాముల ఉప్పు పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పేది 5 గ్రాముల లోపు. పొద్దున అన్నంలో తొక్కు, మధ్యాహ్నం పప్పులోకి తొక్కు, రాత్రి పెరుగన్నంలోకి మళ్ళీ తొక్కు అయితే కూరలో వేసింది లెక్కపెట్టకుండానే రోజు కోటా అయిపోతుంది. లేబుల్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చించండి. 100 గ్రాములకు 4,000 మిల్లీగ్రాముల సోడియం అంటే 10 గ్రాముల ఉప్పు. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి బీపీ తోడుంటుంది. మీ బాపుకు కూడా ఉంటే, చక్కెర కంటే ముందు ఈ లెక్క చూడండి.

ఇక 211. అది సోడియం బెంజోయేట్. పుల్లటి పదార్థాల్లోనే బాగా పనిచేస్తుంది కాబట్టి సాసులు, పచ్చళ్ళు, చింతపండు పేస్టుల్లో వాడతారు. 202 అంటే పొటాషియం సార్బేట్, బూజును ఆపుతుంది. రెంటికీ పరిమితులున్నాయి. ఇంట్లో తొక్కులో ఇవెందుకు అక్కర్లేదంటే, మనం ఉప్పు, కారం, నూనె దండిగా పోస్తాం, తడి తగలనివ్వం. ఫ్యాక్టరీకి వచ్చేసరికి కొనేవాళ్ళకు నూనె తేలకూడదు, ఉప్పు తక్కువ ఉండాలి, ఏడాది నిల్వ ఉండాలి. ఉప్పు తగ్గాలి, 211 ఉండొద్దు, ఫ్రిజ్ అక్కర్లేకుండా ఏడాది ఆగాలి అని మూడూ ఒకేసారి అడిగితే నా దగ్గర ఫార్ములా లేదు. నా దగ్గరికి వచ్చే యూనిట్ల వాళ్ళు ప్రతి ఒక్కరూ అదే అడుగుతారు.

మిగతా నంబర్లకు వరస ఉంది, అది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. 100ల్లో ఉన్నవి రంగులు. 200ల్లో ఎక్కువగా ప్రిజర్వేటివ్‌లు. 300ల్లో పులుపు సరిచేసేవి, నూనె కనరెక్కకుండా ఆపేవి. 400ల్లో చిక్కదనం ఇచ్చేవి. 500ల్లో పొడి గడ్డకట్టకుండా ఆపేవి కనబడతాయి. 600ల్లో రుచి పెంచేవి. 950 దగ్గర్నుంచి కృత్రిమ తీపి మొదలవుతుంది. 330 అంటే సిట్రిక్ యాసిడ్, నిమ్మకాయలో ఉండేదే. 415 జాంథన్ గమ్. కొన్న అల్లం వెల్లుల్లి పేస్టులో నీళ్ళు విడిపోకుండా ఉండేది దానివల్లే. ఆ పేస్టులో చక్కెర సాధారణంగా ఉండదు, ఉప్పు మాత్రం ఉంటుంది, దాన్ని కూరలో వేసినప్పుడు విడిగా వేసే ఉప్పు తగ్గించాలి. టేబుల్ సాల్ట్ మీద 536 కనబడితే అది పొటాషియం ఫెర్రోసైనైడ్. పేరులో సైనైడ్ ఉందని ఎవరో వీడియో చేశారు, నాకు పది మంది పంపారు. అందులో సైనైడ్ ఇనుముతో గట్టిగా కట్టేసి ఉంటుంది, ఆ కొద్ది మోతాదులో విషం అవ్వదు.

621 అంటే మోనోసోడియం గ్లుటమేట్, ఫాస్ట్‌ఫుడ్ బండ్ల దగ్గర టేస్టింగ్ సాల్ట్ అనేది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు నుంచి దీన్ని గుర్తించాడు. టమాటాలో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే గ్లుటమేటే. కొందరికి ఎక్కువ తింటే తలనొప్పి అనిపించవచ్చు, వాళ్ళు మానుకోవచ్చు. దీంట్లో సోడియం మామూలు ఉప్పులో ఉన్నదాంట్లో మూడో వంతు ఉంటుంది. బండి మీద దీన్ని ఉప్పుకు బదులు వేయరు, ఉప్పుతో పాటు వేస్తారు, దానిమీద సోయా సాస్ పోస్తారు. అక్కడుంది అసలు సమస్య. 627, 631 అనేవి దీని తోడు నంబర్లు.

నేను నిజంగా జాగ్రత్త చెప్పేవి రెండే. రంగులు: ఎర్ర చిల్లీ సాసులో 110, 122, 124, 129, పచ్చ చిల్లీ సాసులో 102 లాంటివి. వీటిలో ఏది ఉన్నా పిల్లల చురుకుదనం, ఏకాగ్రత మీద ప్రభావం ఉండొచ్చని యూరప్‌లో 2010 నుంచి లేబుల్ మీద హెచ్చరిక రాయాలి. మన దగ్గర ఆ హెచ్చరిక ఉండదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే రంగు లేని సాసు వెతుక్కోండి. సల్ఫైట్లు: 220 నుంచి 228 వరకు. ఆస్తమా ఉన్న కొందరికి వీటితో ఆయాసం వస్తుంది. కొన్ని ఎండు పండ్లలో, సిరప్‌లలో, స్క్వాష్‌లలో ఉంటాయి.

మిగిలిన సీసాల గురించి గబగబా చెప్పేస్తాను. సోయా సాస్‌లో పరిమాణం తక్కువ వాడతాం కాబట్టి చక్కెర పెద్ద లెక్క కాదు, సోడియం భయంకరం. నల్లరంగు చాలావరకు క్యారమెల్, అంటే 150 నంబరు. గుడ్డు లేని మయోనైజ్‌లో నూనె, నీళ్ళ తర్వాత చాలాసార్లు చక్కెరే ఉంటుంది, అయినా దాంట్లో పెద్ద సంగతి నూనె. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది, అది చక్కెర వల్ల కాదు, కలుషిత ఆహారం కేసుల వల్ల. షెజ్వాన్ చట్నీ, పిజ్జా సాసుల వెనక కెచప్ వెనక చూసినట్టే చూడండి. వెనిగర్ మీద "సింథటిక్" అని ఉంటే ఎసిటిక్ యాసిడ్‌ను నీళ్ళలో కలిపింది, పులియబెట్టింది కాదు. షుగర్ విషయంలో రెండూ ఒకటే. ఇంగువ డబ్బా చదివితే ఆశ్చర్యపోతారు: మనం వాడేది కాంపౌండెడ్ ఇంగువ, అందులో ఎక్కువ భాగం మైదా గానీ బియ్యప్పిండి గానీ, బంక గానీ. చిటికెడుతో షుగర్ పెరగదు. గోధుమ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం ఇది తెలిసి ఉండాలి.

కారం, పసుపు సంగతి వేరు. అక్కడ భయం యాడిటివ్‌లది కాదు, కల్తీది. కారం పొడిలో, పసుపులో రంగు కలపడానికి మన చట్టం ఒప్పుకోదు. కారంలో 2 శాతం దాకా నూనె కలపొచ్చు, అదీ లేబుల్ మీద రాసి. 2005లో బ్రిటన్‌లో సుడాన్ అనే, తిండిలో వాడకూడని రంగు కలిసిన కారం వల్ల వందల రకాల ఆహార పదార్థాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మనకు వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్ పక్కనే ఉంది, 2025లో జీఐ (ఫలానా ప్రాంతానిదని ఇచ్చే) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట మిర్చి ఉంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. ఎర్రటి తొక్కు కావాలనుకుంటే మామూలు మిర్చితో దాన్ని కలిపి గిర్నీలో పట్టించుకోండి. కొన్న కారం మీద అనుమానముంటే గ్లాసు నీళ్ళ మీద కొద్దిగా చల్లండి, కలపొద్దు. నీళ్ళలో కరిగే రంగు వేసుంటే చారలు చారలుగా కిందికి దిగుతుంది. సుడాన్ లాంటి నూనెలో కరిగే రంగులు దీంట్లో పట్టుబడవు, వాటికి ల్యాబే కావాలి.

మీ ఇంటికి వస్తే నేను ఏం చేస్తానంటే: కెచప్ పిల్లలకు వదిలేసి చిన్న సీసా కొంటాను. బాపుకు టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి కాల్చి నూరిన రోటి పచ్చడి చేస్తాను, పొద్దున చేసి సాయంత్రానికి అయిపోయేంత. నిల్వ ఉంచనిదానికి ఉప్పూ చక్కెరా రెండూ అక్కర్లేదు. పల్లి చట్నీ కూడా అంతే. నిల్వ తొక్కు రోజుకు ఒక్క పూట, టీ స్పూనుతో. అల్లం పచ్చడి ఇంట్లో చేస్తే బెల్లం సగానికి తగ్గించండి, చింతపండు కూడా అదే లెక్కన తగ్గించాలి, లేకపోతే పులుపు గొంతు పట్టుకుంటుంది.

బెల్లం బదులు స్టీవియా వేయొచ్చా అని మీరు చివర్లో అడిగారు. స్టీవియా 960, సుక్రలోజ్ 955, ఆస్పర్టేమ్ 951, ఎసిసల్ఫేమ్ 950. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి వీటిమీద ఆధారపడొద్దని చెప్పింది, అయితే ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకు ఆ సలహా వర్తించదని అందులోనే రాసింది. పచ్చడిలో కొద్దిగా వేస్తే నాకేం అభ్యంతరం లేదు. ఆస్పర్టేమ్ మాత్రం వేడి తగిలితే తీపి పోతుంది, ఉడికేదాంట్లో వేసి లాభం లేదు. స్టీవియా ఎక్కువైతే చేదు తగులుతుంది, చిటికెడుతో మొదలుపెట్టండి. డయాబెటిక్ సాస్ అని అమ్మేవాటి జోలికి మాత్రం వెనకవైపు చదవకుండా పోవద్దు.

ఏదైనా సీసా దగ్గర ఆగిపోతే వెనకవైపు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. జాబితా, పట్టిక రెండూ కనబడాలి. ముందువైపు ఫోటో అక్కర్లేదు.